బక్క చేపను కాపాడే ఖర్చు ఎవరి నెత్తిన?

గోదావరి జిల్లాల వాళ్ళకు సాల్మన్ చేపను పరిచయం చెయ్యటం కష్టమేమీ కాదు. వరదనీరు ఎర్రగా దిగే రోజుల్లో సముద్రం విడిచి నదికి ఎదురీదే పులస మనకు తెలుసు. సముద్రంలో వున్నంతకాలం అది ఇలస. గోదావరిలోకి వచ్చాక పులస. అప్పుడు దాని ధర కూలివాడి చెయ్యి అందదు. సాల్మన్‌దీ ఆ కోవే. నదిలో పుడుతుంది, సముద్రంలో పెరుగుతుంది, గుడ్లు పెట్టటానికి మళ్ళీ నదికే వస్తుంది. తేడాలు రెండున్నాయి. పులస గుడ్లు పెట్టి తిరిగి సముద్రానికి పోతుంది; పసిఫిక్ మహాసముద్రపు సాల్మన్ గుడ్లు పెట్టిన చోటే చచ్చిపోతుంది. రెండోది - సాల్మన్ ఏ వాగులో పుట్టిందో వెతుక్కుంటూ దాదాపుగా ఆ వాగుకే తిరిగి చేరుతుంది. మేము చెప్పబోయే సంగతంతా ఈ రెండో తేడా మీదే నిలబడి వున్నది.

ఎక్కడో కెనడాలో చేపల గొడవ మన కూలీలకెందుకని అడిగేవారుంటారు. ఎందుకంటే, ఒక వనరు తరిగిపోతున్నప్పుడు ఎవరో కొందరు చెయ్యి ఆపుకోక తప్పదు. ఆ ఆపుకోవలసింది ఎవరు, ఆపుకున్న రోజుల్లో వాళ్ళ పొయ్యి వెలిగేదెట్లా అన్న ప్రశ్న అక్కడ నూరేళ్ళకు పైగా నలుగుతున్నది. మన తీరంలో కూడా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం నడుస్తున్నది. ఆ నది ఒడ్డు మేము తొక్కలేదు. చదివి, తెలిసినవాళ్ళను అడిగి గ్రహించిందే రాస్తున్నాం.

నది, ఫ్యాక్టరీ, దడి

కెనడాకు పడమటి అంచున బ్రిటిష్ కొలంబియా అనే రాష్ట్రం వున్నది. అందులో ఫ్రేజర్ నది తర్వాత సాల్మన్‌కు పెద్ద దిక్కు స్కీనా నది. 550 కిలోమీటర్లకు పైగా పొడవు. దాని కొమ్మల్లో, వాటికి చేరే సరస్సుల్లో, వాగుల్లో లెక్కకు మించిన చోట్ల సాల్మన్ గుడ్లు పెడుతుంది. సాకై, చినూక్, కోహో, పింక్, చమ్ అని ఐదు జాతులు. ఇవి కాక స్టీల్‌హెడ్ అని సాల్మన్‌కు దగ్గర చుట్టం ఒకటి. వీటిలో వ్యాపారానికి రాజు ఎర్రటి మాంసం వుండే సాకై.

ఈ నదీముఖం దగ్గర మొదటి డబ్బా చేపల ఫ్యాక్టరీ 1876లో వచ్చింది. ఆ తరువాత వరసగా మరెన్నో. నదిలో వల వేసేవారు ఆదివాసులు, జపాను నుంచి వలస వచ్చినవారు, తెల్లవారు. లోపల చేపలు కోసి డబ్బాలకెత్తేవారు చైనా కూలీలు, ఆదివాసీ స్త్రీలు. చైనా కూలీలను మేస్త్రి ద్వారా గుత్తకు కుదుర్చుకునేవారు. కూలికి జవాబుదారీ ఫ్యాక్టరీది కాదు, మేస్త్రిది. ఈ పద్ధతి మన పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు.

అదే నదికి ఎగువన బాబీన్ సరస్సు. సరస్సు నుంచి నీరు బయటికి పారే చోట అక్కడి ఆదివాసులు తరతరాలుగా కర్రలు పాతి, అల్లిక కట్టి నదికి అడ్డంగా దడి వేసేవారు. దడిలో అక్కడక్కడా చేపల గూళ్ళు. కావలసిన చేప తీసుకునేవారు. చాలిందనుకున్నప్పుడు తలుపు తీసి మిగతాదాన్ని పైకి వదిలేవారు. ఆ చేపను ఎండబెట్టి, పొగబెట్టి చలికాలమంతా తినేవారు, పొరుగువాళ్ళకు మారకం వేసేవారు.

ఫ్యాక్టరీలు పెరిగాయి, వలలు పెరిగాయి, దిగువన చేప తగ్గినట్టు కనిపించింది. తప్పు ఎవరిది? ఎగువన దడి వేసిన ఆదివాసులదని యజమానులు తేల్చారు. 1904లో ప్రభుత్వ చేపల తనిఖీ అధికారి బాబీన్‌కు వెళ్ళి దడులు చూశాడు. చేపల సంరక్షణ పేరు చెప్పి వాటిని పీకించటం మొదలైంది. ఆదివాసులు మళ్ళీ కట్టారు, అధికారులు మళ్ళీ పీకారు. 1906లో దడులకు అడ్డం నిలిచి అధికారులతో కలబడినవారిలో ఆడవాళ్ళు ముందున్నారు. మగవాళ్ళను జైలుకు పంపారు. ఆ ఏడే ఇద్దరు పెద్దలు ఎంతో దూరం ప్రయాణం చేసి రాజధాని ఒట్టావాకు వెళ్ళి మాట్లాడారు. దడి మానేస్తే బదులుగా వలలు ఇస్తామని, మరికొన్ని సాయాలు చేస్తామని ఒప్పందం కుదిరింది. దడి పోయింది. నదీముఖం దగ్గర ఫ్యాక్టరీల కోసం వేసే వలలు మాత్రం ఎక్కడివక్కడే వున్నాయి.

దీన్ని గుర్తుపెట్టుకోండి. ఈ దడి మళ్ళీ వస్తుంది.

మేలిమి గుంపు, బక్క గుంపు

ఇక అసలు తిరకాసుకు వద్దాం. సాల్మన్ పుట్టిన వాగుకే పోతుందన్నాం గదా. అంటే స్కీనాలో సాకై ఒక్క మంద కాదు. ఒక్కో సరస్సుకు ఒక్కో గుంపు. ఒకదాని చేప మరొకదానిలో పెద్దగా కలవదు. ఈ గుంపులన్నీ ఒక బలంతో వుండవు. పెద్ద సరస్సు, మంచి గులకరాయి నేల, చల్లని నీరు దొరికిన గుంపు బాగా పెరుగుతుంది. చిన్న చెరువంత సరస్సులో పుట్టిన గుంపు నానా తంటాలు పడి బతుకుతుంది. కాని సముద్రం నుంచి నదీముఖానికి వచ్చేటప్పుడు ఇవన్నీ కలిసే వస్తాయి. చూడటానికి అన్నీ ఒక్కలాగే వుంటాయి. వల దేనిదే వూరని అడగదు.

నాట్లు వేసే ముఠాలో పడుచువాళ్ళుంటారు, బాలింతలుంటారు, నడుం వంగిన ముసలమ్మ వుంటుంది. మేస్త్రి పడుచువాళ్ళ వేగానికి కేకలేస్తూ పోతే ముసలమ్మ పొలంలోనే పడిపోతుంది. సాయంత్రానికి సగటున ఎన్ని సెంట్లు నాటారని లెక్క చూసుకుంటే మేస్త్రికి అంతా బ్రహ్మాండంగానే కనిపిస్తుంది. చేపల లెక్కా అంతే.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. అర్థం కావటానికి మేము కల్పించిన అంకెలివి. బలమైన గుంపులో 100 చేపలు గుడ్లు పెడితే 300 తిరిగొస్తాయనుకోండి. 200 పట్టుకున్నా మళ్ళీ 100 మిగులుతాయి, గుంపు చెక్కుచెదరదు. బక్క గుంపులో 100 గుడ్లు పెడితే 125 మాత్రమే వస్తాయి. అంటే అక్కడ 25కు మించి పట్టకూడదు. ఇప్పుడు రెండూ కలిసి వల దగ్గరకొచ్చాయి. బలమైన గుంపును చూసి మూడింట రెండు వంతులు పట్టామా, బక్క గుంపులో 42 మిగులుతాయి. ఆ 42కు పుట్టేది 52. దానిలోంచి మూడింట రెండు వంతులు పోగా 17. ఇంకో తరానికి 7. సాకై తరం నాలుగైదేళ్ళు. పన్నెండు పదిహేనేళ్ళలో నూరు ఏడైంది. మొత్తం చేప బళ్ళకొద్దీ వస్తూనే వుంది గనుక ఎవరికీ అనుమానం రాదు.

పోనీ, బక్క గుంపు తట్టుకునేంతే, అంటే అయిదింట ఒక వంతే పడదామంటారా? బలమైన గుంపు నుంచి 200కు బదులు 60తో సరిపెట్టుకోవాలి. వదిలేసిన ఆ 140 ఎవరి వలలోంచి పోయింది? ఎవరి పూటకూటిలోంచి పోయింది? సాల్మన్ యాజమాన్యం అని పెద్దపెద్ద పుస్తకాలు రాసేదంతా చివరికి ఈ 140 చేపల పంచాయితీయే.

కాలువలు తవ్వారు, తగవు ముదిరింది

స్కీనాలో ఈ పంచాయితీని ప్రభుత్వమే మరింత బిగించింది. 1960ల చివర, 1970ల మొదట్లో బాబీన్ సరస్సుకు చేరే ఫుల్టన్, పింకట్ అనే రెండు ఏళ్ళ పక్కన సాకై గుడ్లు పెట్టటానికి కాలువలు తవ్వించారు. గులకరాళ్ళు పరిచి, నీటిని సమంగా వదిలి, గుడ్లు బాగా నిలిచేటట్టు చేశారు. ఇంజనీర్ల పనితనానికి వంక పెట్టలేం. చేప విరగబడి వచ్చింది. స్కీనాకు తిరిగివచ్చే సాకైలో పదింట తొమ్మిది వంతుల దాకా బాబీన్‌దే అయింది, అందులో ఎక్కువ భాగం ఈ కాలువల్లో పుట్టిందే.

ఈ మేలిమి చేపను పట్టటానికి నదీముఖంలో వలలు జోరుగా పడ్డాయి. ఆ వలల్లోనే పక్క సరస్సుల బక్క సాకై, కోహో, స్టీల్‌హెడ్ కూడా పడ్డాయి. వాటికి ఎవరూ కాలువలు తవ్వలేదు. బాబీన్ కళకళలాడుతుంటే వాటి వాగులు బోసిపోయాయి.

ఎంత పోయిందో తెలిసింది ఈమధ్యనే. 1913 నుంచి 1947 దాకా ఫ్యాక్టరీలకు వచ్చిన సాకై చేపల పొలుసులు తీసి, కాగితాలకు అంటించి, తేదీలు రాసి దాచిపెట్టారు. ఎండిపోయిన ఆ పొలుసుల నుంచి ఏ చేప ఏ సరస్సుదో ఈనాటి జన్యుశాస్త్రం చెప్పగలుగుతున్నది. సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు, వారితో కలిసి పనిచేసినవారు 2019లో ఈ ఫలితాలు ప్రకటించారు. పరిశీలించిన 13 సహజ గుంపుల్లో తగ్గనిది ఒక్కటీ లేదు. అతి తక్కువ తగ్గినది కూడా సగానికి పైగా తగ్గింది. కొన్ని దాదాపు అడుగంటాయి. నూరేళ్ళ కిందట ఎవరో గుమాస్తాలు విసుగూ విరామం లేకుండా అంటించిన పొలుసులు ఇంత పని చేశాయి. పంచాయతీ ఆఫీసుల్లో పాత మస్తరు రోలు చించి పొట్లాలు కట్టేవారు ఈ సంగతి వినాలి.

చిన్న గుంపులు పోతే ఏం, పెద్ద గుంపు వుంది గదా అనవచ్చు. ఒక్క బాబీన్ మీదే నది అంతా ఆధారపడితే, అక్కడ చేపకు రోగం తగిలినా, నీరు వేడెక్కినా ఆ ఏడు అందరి నోటా మట్టే. 1994, 1995 ఏళ్ళలో బాబీన్ కాలువల్లో చేపకు పరాన్నజీవి రోగం తగిలి, దాని దెబ్బ ఆ తర్వాతి ఏళ్ళ రాబడి మీద పడింది. ఒకే విత్తనం వేసిన వూరికి ఒకే తెగులు చాలు. నాలుగైదు రకాలు వేసిన వూళ్ళో ఏదో ఒక చేను నిలబడుతుంది. చిన్న గుంపులన్నీ కలిసి నదికి అలాంటి భరోసా. పైగా ఏ చిన్న సరస్సు ఒడ్డున వున్న ఆదివాసీ పల్లెకు ఆ సరస్సు చేపే తిండి. వాళ్ళకది "చిన్న గుంపు" కాదు.

వలను ఎట్లా అదుపు చేస్తున్నారు

కెనడా ప్రభుత్వం 2005లో సహజ సాల్మన్ విధానం అని ఒకటి ప్రకటించింది. మొత్తం ఎన్ని చేపలొచ్చాయని చూడటం చాలదు, గుంపు గుంపుకూ లెక్క చూడాలి, ఎర్ర, పసుపు, ఆకుపచ్చ గుర్తులతో ఒక్కొక్క గుంపు ఆరోగ్యం కొలవాలి అన్నది దాని సారం. కాగితం మీద మంచి విధానమే. అమలు నత్తనడక.

మాకు నచ్చింది కింది స్థాయిలో జరిగే పని. స్కీనా దిగువన టైయీ అనే చోట 1950ల మధ్య నుంచి వేసవిలో రోజూ ఒకే తీరుగా వల వేసి, ఎన్ని చేపలు పడ్డాయో చూసి ఎన్ని నదిలోకి దాటాయో అంచనా కడతారు. ఎగువన బాబీన్ నదిలో 1946 నుంచి లెక్కల దడి వున్నది. అక్కడ పైకి పోయే చేపల్ని మనుషులు నిలబడి లెక్కపెడతారు. ఈ అంకెలు చూసి ఏ రోజు, ఎన్ని గంటలు, నదీముఖంలో ఏ గీత లోపల వల వెయ్యవచ్చో ప్రకటిస్తారు. మన దగ్గరలాగా ఏడాదికొక తేదీ కాదు; చేప రాకను బట్టి తలుపు తెరవటం, ముయ్యటం.

వల కూడా మారింది. అక్కడ చిన్న పడవల వాళ్ళు వాడేది నీళ్ళలో గోడలాగా నిలబెట్టే వల. చేప తల దూర్చి మొప్పల దగ్గర ఇరుక్కుంటుంది. ఎక్కువసేపు వుంచితే చస్తుంది. అందుకని వల పొడవు సగానికి తగ్గించి, నీళ్ళలో కొద్ది నిమిషాలే వుంచి తీస్తారు. బక్క జాతి చేప పడితే పడవలోనే పారే నీటి పెట్టెలో వేసి, తేరుకున్నాక వదులుతారు. స్టీల్‌హెడ్ నీటిపైన ఈదుతుంది, సాకై కొంచెం లోతున. ఈ సంగతి పట్టుకుని వల పైఅంచును నీటిమట్టానికి నాలుగైదు అడుగులు దిగువకు దించారు. స్టీల్‌హెడ్ పైనుంచి దాటిపోతుంది. మన రింగు వలలాంటి చుట్టు వలలు వేసే పెద్ద పడవల వాళ్ళు చేపను గుట్టగా పడవ మీదికి ఎత్తి పోయకుండా, చిన్న జల్లెడ వలతో కొద్దికొద్దిగా తోడి ఏరాలి. ఇదంతా పని పెంచే పద్ధతి. గంటకు పట్టే చేప తగ్గుతుంది, చాకిరీ పెరుగుతుంది. చాకిరీ పెరిగినందుకు చేపకు ధర పెంచేవాడు మాత్రం లేడు.

ఇవన్నీ చాలని రోజులొచ్చాయి. 1998లో అప్పటి చేపల మంత్రి డేవిడ్ ఆండర్సన్ ఎగువ స్కీనా కోహో, ఫ్రేజర్‌కు చేరే థాంప్సన్ నది కోహో రెండూ అంతరించే స్థితిలో వున్నాయని, వాటిలో ఒక్కటి కూడా చావకూడదని ప్రకటించాడు. తీరమంతా వేట బిగించేశారు. చాలామందికి ఆ ఏడు సీజను అన్నదే లేదు. మేము దాచిపెట్టి చెప్పదలుచుకోలేదు - ఆ నిర్ణయం పనిచేసింది. సముద్రమూ కలిసొచ్చి స్కీనా కోహో కొన్నేళ్ళలో కోలుకున్నది. నిషేధాలన్నీ పేదల మీద కుట్రేనని కొట్టిపారేసే మిత్రులకు ఈ ఉదాహరణ చెబుతుంటాం. చేప లేకపోతే జాలరి లేడు.

పడవలెవరివి పోయాయి?

కాని ఆ 140 చేపల ప్రశ్న అట్లాగే వున్నది. కెనడాలో దానికి దొరికిన జవాబులు చూడండి.

1969లో అప్పటి మంత్రి జాక్ డేవిస్ పేరుతో వచ్చిన పథకం పడవలకు లైసెన్సు పరిమితి పెట్టింది. పడవలు తగ్గితే చేప మిగులుతుందన్నారు. లైసెన్సు అమ్మకపు సరుకైంది. డబ్బున్నవాడు నాలుగు చిన్న లైసెన్సులు కొని ఒక పెద్ద పడవ కట్టాడు. పడవల లెక్క తగ్గింది, పట్టే శక్తి పెరిగింది. 1996లో ఫ్రెడ్ మిఫ్లిన్ అనే మంత్రి మరో పథకం తెచ్చాడు. 8 కోట్ల డాలర్లు పెట్టి దాదాపు 800 లైసెన్సులు ప్రభుత్వమే కొనేసింది. తీరాన్ని మండలాలుగా కోసింది. ఇదివరకు ఒక్క లైసెన్సుతో చేప ఎటు వస్తే అటు పోయిన జాలరి, ఇప్పుడు రెండో మండలానికి పోవాలంటే మరొకరి లైసెన్సు కొనాలి. కొనగలిగినవాడు నిలిచాడు, కొనలేనివాడు అమ్ముకుని ఒడ్డెక్కాడు. ఆ తర్వాత మరొక విడత కొనుగోలు. 2000 వచ్చేసరికి పడవలు సగానికి సగం తగ్గిపోయాయి.

ఎక్కువ దెబ్బ తగిలింది తీరం వెంట వుండే చిన్న పల్లెలకు, అందులోనూ ఆదివాసీ పల్లెలకు. పట్నంలో జాలరికి లైసెన్సు పోతే ఇంకో పని వెతుక్కుంటాడు. దారీ తెన్నూ లేని పల్లెలో పడవే పని, పడవే బండి. పడవ పోతే కుర్రాడికి ఆ విద్య నేర్పేవాడూ పోయినట్టే. వాళ్ళ యునైటెడ్ ఫిషర్‌మెన్ సంఘం 1945లో పుట్టింది. జాలరులు, ఫ్యాక్టరీ కూలీలు ఒకే సంఘంలో వుండటం దాని బలం. దాని నాయకుడు హోమర్ స్టీవెన్స్ 1967లో సమ్మె విషయంలో కోర్టు ఉత్తర్వును ధిక్కరించినందుకు ఏడాది జైలుశిక్ష పడినవాడు. లైసెన్సు జాలరి చేతిలోనే వుండాలి, ఫ్యాక్టరీవాడి చేతికి, ఒడ్డున కూర్చుని అద్దెకిచ్చేవాడి చేతికి పోకూడదన్నది ఆ సంఘం మొదటి నుంచీ చెబుతూ వచ్చిన మాట. కౌలు రైతుకు ఈ మాట బాగా అర్థమవుతుంది.

పడవలతోబాటు ఫ్యాక్టరీలు. 2015 చివరలో ప్రిన్స్ రూపర్ట్ రేవులో మిగిలిన పెద్ద ఫ్యాక్టరీ డబ్బాలకెత్తే పని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. వందలమందికి, ఎక్కువగా ఆదివాసీ స్త్రీలకు, సీజను పని పోయింది. అమ్ముకున్న లైసెన్సుకు కొంత డబ్బన్నా వచ్చింది. చేప కోసిన చేతులకు లైసెన్సు ఎక్కడిది?

2021 జూన్‌లో కెనడా ప్రభుత్వం పసిఫిక్ తీరంలోని 138 వాణిజ్య సాల్మన్ వేటల్లో 79 మూసివేసింది. సాల్మన్‌ను నిలబెట్టటానికి 64 కోట్ల 70 లక్షల డాలర్లు కేటాయిస్తున్నట్టు అప్పటికే ప్రకటించింది. అందులో మళ్ళీ లైసెన్సుల కొనుగోలు వున్నది. మళ్ళీ లైసెన్సు వున్నవాడికే పరిహారం. పడవ మీద కూలికి పోయేవాడు, ఐసు మోసేవాడు, వల బాగుచేసేవాడు పట్టికలో లేరు.

మన దగ్గర చూద్దాం. 61 రోజుల నిషేధానికి ఆంధ్రప్రదేశ్‌లో ఇచ్చే భృతి 2025లో 20,000 రూపాయలైంది. పెరగటం మంచిదే. అది పడవ మీద వేటకు వెళ్ళేవారి పేరున వచ్చేది. బుట్ట నెత్తిన పెట్టుకుని వూరూరా చేప అమ్మే ఆడవాళ్ళకు ఆ రెండు నెలలూ వ్యాపారం వుండదు, భృతీ వుండదు. అక్కడా ఇక్కడా తప్పిపోయేది ఒకే వరస మనుషులు.

ఇంకొక వర్గాన్ని గురించి కూడా చెప్పాలి. స్కీనా ఎగువన స్టీల్‌హెడ్ కోసం వినోదంగా గాలం వేసే షావుకార్లు వేలకు వేలు ఖర్చుపెట్టి వస్తారు. వారికి ఆతిథ్యమిచ్చే బంగళాలవారు దిగువ వలలన్నీ ఎత్తెయ్యమంటారు. స్టీల్‌హెడ్ పట్ల వారి ఆందోళనలో నిజం లేకపోలేదు. కాని పొట్టకోసం వేసే వలను ఎత్తేసి సరదాకు వేసే గాలాన్ని వుంచమంటే ఎవరు ఒప్పుకుంటారు? గాలానికి పడి వదిలేసిన చేపలోనూ కొన్ని చస్తాయి.

దడి తిరిగొచ్చింది

అన్ని గుంపులు కలిసే చోట వల వేస్తే బక్క గుంపు చస్తుంది. మరి గుంపులు విడిపోయాక, ఎవరి వాగు దగ్గర వాళ్ళు పడితే? బాబీన్ చేపను బాబీన్‌లోనే పడితే పక్క సరస్సుల చేపకు హాని వుండదు. కాలువల్లో పట్టనంత చేప వచ్చిన ఏళ్ళలో అదంతా కుళ్ళిపోకుండా పనికొస్తుంది. కొన్నేళ్ళుగా శాస్త్రజ్ఞులు చెబుతున్న మార్గాల్లో ఇది ముఖ్యమైనది. పట్టటానికి వాళ్ళు చూపే సాధనాలేమిటంటే - దడి, గూడు, ఒడ్డు నుంచి లాగే అలివి వల, చేతి వల. చేప బతికుండగానే చేతికి వస్తుంది, చూసి వుంచుకోవచ్చు, చూసి వదలొచ్చు.

1906లో పీకేసింది దీన్నే.

ఇప్పుడు బాబీన్ సరస్సు ఆదివాసులు లెక్కకు మించి వచ్చిన ఏళ్ళలో అక్కడే చేప పట్టి అమ్ముతున్నారు. గిట్‌క్సాన్ ప్రజలు కూడా నది మధ్యభాగంలో ఇలాంటి వేట చేస్తున్నారు. ఇందులో చిక్కులు లేవని మేము అనం. నదిలో అంత దూరం ఈదిన సాల్మన్ తిండి మానేస్తుంది, కొవ్వు కరుగుతుంది, మాంసం మెత్తబడుతుంది. సముద్రపు చేపకు వచ్చే ధర దీనికి రాదు. చేప వచ్చే వారాలు కొద్ది, ఐసు, లారీ, కోత కొట్టం అన్నీ అడవి మధ్యలో సమకూర్చాలి. అన్నిటికంటే పెద్ద చిక్కు - ఎగువన పట్టే చేప దిగువ జాలరి వలలోంచి పోయిందే. దిగువ జాలరుల్లోనూ సగం పైచిలుకు ఆదివాసులున్న పల్లెలున్నాయి. దిగువవాడికి వాటా ఇవ్వకుండా ఎగువవాడికి పెడితే పేదవాడిని పేదవాడి మీదికి ఉసిగొల్పినట్టవుతుంది. ఎగువా దిగువా కలిసి కూర్చుని, లైసెన్సు కొనుగోలుకు పోసే డబ్బును పని మార్పిడికి, వల మార్పిడికి, ఎగువన కోత కొట్టాలకు ఖర్చు చేస్తే దారి వుంటుందని మా అభిప్రాయం.

గీతకు ఆవల

ఇంత చేసినా స్కీనా చేప స్కీనాకు చేరేముందు మరొక దేశం వలలు దాటాలి. సముద్రం నుంచి వచ్చేటప్పుడు అది అమెరికాకు చెందిన అలాస్కా ఆగ్నేయ తీరం వెంట వస్తుంది. అక్కడి చుట్టు వలల పడవలు తమ పింక్ చేప కోసం వల వేస్తే, కెనడా సాకై కూడా అందులోకి పోతుంది. ఇది కూడా కలగాపులగపు వేటే, కాకపోతే మధ్యలో జెండా మారింది.

రెండు దేశాల మధ్య 1985లో సాల్మన్ ఒప్పందం జరిగింది. 1990లలో అది చెడింది. 1997 జూలైలో కెనడా జాలరులు ప్రిన్స్ రూపర్ట్ రేవులో అలాస్కా ప్రయాణీకుల ఓడ మలస్పినాను తమ చిన్న పడవలతో చుట్టుముట్టి మూడు రోజులు కదలనివ్వలేదు. తమ చేపను అవతల పట్టేస్తున్నారన్నది వాళ్ళ మొర. 1999లో కొత్త ఒడంబడిక కుదిరింది. అయినా 2021లో, కెనడా తన పడవలను కట్టేయించిన ఏడే, అవతలి వలలు మామూలుగా పడుతూనే వున్నాయి. ఇవతల ఒడ్డున కూర్చున్న జాలరికి అది ఎట్లా వుంటుందో వూహించుకోండి. బక్క గుంపు కోసం నువ్వు వదిలిన చేప పక్కవాడి వలలో పడితే గుంపూ మిగలదు, నీకూ మిగలదు.

ఇప్పుడు అమలులో వున్న ఒప్పందపు అధ్యాయాలు 2019లో మొదలయ్యాయి, 2028 చివరితో గడువు తీరుతాయి. అలాస్కా వలల్లో పడే స్కీనా చేపను గుంపులవారీగా లెక్కగట్టి, బక్క గుంపు వచ్చే వారాల్లో అక్కడా గంటలు తగ్గించాలని కెనడా వైపు వారు కోరుతున్నారు. ఆ బల్ల దగ్గర జాలరులకు, ఆదివాసులకు ఎన్ని కుర్చీలు వేస్తారన్నది, బాబీన్ దడి దగ్గర 1946 నుంచి రాస్తూ వచ్చిన అంకెలను ఎవరు ముందు పెడతారన్నది రాబోయే రెండు మూడేళ్ళలో తేలుతుంది.